అంతా సెట్టయిన ఊళ్లో సైదమ్మ శ్లాబు

సైదమ్మ అని ఒకావిడ, తాపీ మేస్త్రి దస్తగిరి పెళ్లాం. మీరు మిరపకోతలకి పొరుగు జిల్లా నుంచి వచ్చినోళ్లు గాబట్టి మీకు తెలవదు గానీ, మా ఉప్పలగుంటపాలెంలో ఆవిణ్ణి ఎరగనోళ్లు లేరు. మనిషి బక్కపల్చన. మాట ఇంకా పల్చన. ఎదురొచ్చి "బాగుండావా సైదమ్మా" అంటే తలూపేది. "కూరేం చేశావు" అంటే "చేశా" అనేది. అంతే. ఏం కూరో మనమే వాసన చూసి తెలుసుకోవాల. ఆవిడ చేసే పనేందంటే, నీళ్లు కొట్టటం. శ్లాబు పోసిన తర్వాత దాన్ని తడుపుతా ఉండాల గదా, లేకపోతే బీటలిస్తది. పైన మట్టితో చిన్న చిన్న మడులు కట్టాల, మన వరి మడి లాగానే అనుకో, వాటి నిండా నీళ్లు నిలబెట్టాల. ఎండకి ఇంకిపోతే మళ్లా పోయాల. కింద సరుగుడు బాదులు అడివి లాగా నిలబడి ఆ కప్పుని మోస్తా ఉంటయ్యి. దాన్ని సెంట్రింగు అంటారు. ఆ బాదులు పీకేదాకా కప్పు బాధ్యత బాదులది, బాదులు పీకే రోజు దాకా నీళ్ల బాధ్యత సైదమ్మది. పెళ్లయిన కాడి నుంచీ అదే పని. మొగుడు పోసిన ప్రతి శ్లాబుకీ ఆవిడే నీళ్లు పోసింది.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాల, అది లేకపోతే కథ నడవదు. మా ఊళ్లో ఒక ఇంగ్లీషు మాట ఉంది, సెట్టు అని. ఎప్పుడొచ్చిందంటే, కరెంటుతో పాటు వచ్చింది. కాలవ గట్టున తొలి మోటారు సెట్టు బిగించిన రోజు ఊరంతా పోయి చూశారంట. గొట్టంలో నీళ్లు దూకేసరికి "సెట్టు పనిచేసిందిరోయ్" అని కేకలు. అప్పుడు ఆ మాటకి ఒకటే పని. ఆ తర్వాత గుడికి మైకు సెట్టు వచ్చింది, పెళ్లిళ్లకి బ్యాండు సెట్టు వచ్చింది, ఆడోళ్ల చేతులకి గాజుల సెట్టు, మెడకి నగల సెట్టు, మా చినమామకి పళ్ల సెట్టు. అక్కడితో ఆగితే బాగుండు. ఆగలా. సామాన్లకున్న మాట కాస్తా మనుషులకి ఎక్కింది. సంబంధం కుదిరితే సెట్టయిందన్నారు. అన్నదమ్ములు కొట్టుకుంటే మధ్యలో పోయి సెట్టు చేశామన్నారు. కొత్త కోడలికి ఇక్కడి నీళ్లు పడకపోతే, నీళ్లు సెట్టవలేదన్నారు. జాకెట్టు బిగుతయితే సెట్టవలేదు, తల దువ్వుకుంటే సెట్టయింది, నలుగురు కుర్రోళ్లు గోడ మీద కూర్చుంటే "ఆ సెట్టుతో తిరగమాక" అని తల్లుల తిట్లు. మా ప్రెసిడెంటు వీరాంజనేయులు కూతురు లహరి, హైస్కూల్లో చదివేది, ఆ పిల్ల ఒకరోజు ఇంట్లో చెప్పిందంట, "మా టీచరు దగ్గర లావుపాటి డిక్షనరీ ఉందమ్మమ్మా, అందులో ఈ ఒక్క మాటకే పేజీలకి పేజీలున్నయ్యి" అని. వాళ్లమ్మమ్మ బుగ్గలు నొక్కుకుని, "రెండక్షరాల మాటకి అన్ని పేజీలా! ఇంగిలీషోళ్లకి మాటలకి కరువొచ్చిందా ఏందే, ఒక్కదాని చేతే ఊడిగమంతా చేయిస్తన్నారు. పాపం, దానికి ఆదివారం కూడా లేదా" అందంట.

ఆ మాటని అందరికంటే ఎక్కువ వాడినోడు సాంబయ్య. పేరే సెట్టు సాంబయ్య అయిపోయింది. చేతిలో ఫోను, చెవి మీద పెన్ను. షామియానా కావాలన్నా వాడే, వంటోళ్లు కావాలన్నా వాడే, ఆఫీసులో సంతకం కావాలన్నా వాడే. "నువ్వు కూర్చో బాబాయ్, నేను సెట్ చేస్తాగా" అనేవాడు. మనం కూర్చునేవాళ్లం. సగం సెట్టయ్యేవి, సగం అయ్యేవి కావు, కానీ చెప్పే తీరు మాత్రం అన్నీ అయిపోయినట్టే ఉండేది. నవ్వుతారేంది, మీ ఊళ్లో లేడా ఇట్టాంటోడు? ఉంటాడు. ప్రతి ఊళ్లో ఒకడుంటాడు.

సరే, ఏమైందంటే, ఊరికి కమ్యూనిటీ హాలొచ్చింది. దాని తాపీ పని నాగూరుకిచ్చారు. నాగూరు ఎవరంటే సైదమ్మ కొడుకే, ఒక్కడే కొడుకు, ఇరవై నాలుగేళ్లోడు. తండ్రి శిష్యుల కాడ పని నేర్చుకున్నాడు గానీ, మేస్త్రిగా తన పేరు మీద పోసిన తొలి శ్లాబు అదే. పోసిన రోజు ఊరు ఊరంతా వచ్చింది. పొద్దున మొదలెడితే మధ్యలో ఆపకూడదు గదా, గమేళాలు చేతులు మారతా ఒకటే పరుగు. సైదమ్మ ఆ మూల నిలబడి కొడుకు నడక చూస్తా ఉండిందంట. మర్నాడే పైకెక్కి మడులు కట్టి, మనసులో దేవుడి పేరు అనుకుని తొలి బిందె పోసింది.

ఇటు ప్రెసిడెంటు ఇంట్లో లహరికి ఓణీల ఫంక్షను పెట్టారు. పంతులు గారు పంచాంగం చూసి, "మూఢమొస్తంది, ఆపైన మూడు నెలలు మంచిరోజు లేదు, ఉన్నది ఇదొక్కటే" అని ఒక రోజు చెప్పాడు. ఆ రోజు ఏదంటే, శ్లాబు పోసిన పన్నెండో రోజు. ప్రెసిడెంటుకి ఆ ఫంక్షను కొత్త హాల్లోనే చేయాలని పట్టు. ఎందుకంటే వాళ్ల బావమరిది తన కూతురి ఫంక్షను పట్నంలో ఏసీ హాల్లో చేశాడు, చేసి ఊరుకోలా, "మీ ఊళ్లో హాలెక్కడిది బావా" అన్నాడు. ఆ మాట ఈయనకి లోపల ముల్లయి కూర్చుంది. కార్డులు కొట్టించేశాడు, హాలు పేరు వేసి, పంచేశాడు కూడా. ఇంకేముంది, ఊళ్లోకి సెట్లు దిగటం మొదలయింది. లహరికి నగల సెట్టు, ఓణీకి మ్యాచింగు గాజుల సెట్టు, పట్నం నుంచి డెకరేషన్ సెట్టు, పిపీలూదే బ్యాండు సెట్టు. సాంబయ్య కాలు నేల మీద ఆనటం లేదు. అన్నీ సెట్టయినయ్యి. ఒక్క శ్లాబే మిగిలింది.

తొమ్మిదో రోజున ప్రెసిడెంటు హాలు కాడికొచ్చి నాగూరుని పిలిచాడంట. "ఏరా నాగూరూ, ఎల్లుండి పొద్దున్నే సెంట్రింగు పీకెయ్. ఆపై రోజే ఫంక్షను, ఊడ్చి తుడవటానికి టైం కావాల గదా" అన్నాడు. నాగూరు తల గోక్కున్నాడు, "ఇంకా రోజులు కాలేదండీ" అన్నాడు. "ఎండలు చూడరా, రాళ్లు పగిలిపోతన్నయ్యి. అంచులన్నీ తెల్లగా ఎండిపోయినయ్యి గదా. మీ నాయన చేసే రోజుల్లో అయితే ఆయనకి ఇంత చెప్పే పని ఉండేది కాదు" అన్నాడు ప్రెసిడెంటు. పక్కన సాంబయ్య అందుకున్నాడు, "ఎందుకవదు బావా, ఎప్పుడో సెట్టయిపోయింది. నిన్న నేనే పైకెక్కి గట్టు మీద గెంతి చూశా, కదిల్తే ఒట్టు" అని. వాడు గెంతి చూశాడంట! బాదుల మీద నిలబెట్టిన కప్పు మీద ఏనుగు గెంతినా కదలదు, బాదులు మోస్తన్నయ్యి గాబట్టి. ఆ తెలివి వాడికుంటే వాడు సాంబయ్య ఎందుకవుతాడు. అంతమందిలో నాగూరుకి మొహం ఎర్రబడింది. తండ్రి పేరు ఎత్తారు, తొలి పని, కుర్రతనం. "అయిద్దిలెండి, పీకుతా" అన్నాడు. అక్కడే బిందె చంకన పెట్టుకుని సైదమ్మ నిలబడి ఉంది. ఆ మాట విన్నది. బిందె కింద పెట్టేసి, కొడుకు మొహంలోకి చూసిందంట.

ఎందుకో చెప్తా వినండి. ఆ తాపీ ఇళ్లల్లో ఒక కట్టు ఉంది. ఆఖరి బాదు పీకేటప్పుడు, ఆ శ్లాబు పోసిన మేస్త్రి దాని కింద నడిమధ్యన పోయి నిలబడాల. చేతులు కట్టుకుని నిలబడాల. తన పని కింద తను నిలబడకపోతే, ఇంకొకర్ని కాపరం ఉండమనే హక్కు వాడికెక్కడిది? అదీ వాళ్ల లెక్క. ఎప్పటి నుంచో ఉంది, ఎవరు పెట్టారో తెలవదు. దస్తగిరి అట్టా ముప్పై నలభై కప్పుల కింద నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల కిందట ఒక ఊళ్లో, గృహప్రవేశం తొందరని ఇంటాయన పట్టుబడితే, ఎనిమిదో రోజునే వరండా కప్పుకి బాదులు పీకించారు. దస్తగిరి కట్టు తప్పలా, కిందనే నిలబడ్డాడు. అంత కప్పూ నడుం మీద పడింది. ప్రాణం దక్కింది గానీ, కాళ్లు మాత్రం దక్కలా. అప్పటి నుంచీ ఇంటి ముందు నులకమంచం మీదే ఉంటాడు, తాడు పేనుకుంటా. అప్పుడు నాగూరుకి పదేళ్లు. దస్తగిరిని బండిలో ఏసుకొచ్చిన రోజు సైదమ్మ ఏడవలేదంట. అప్పటి నుంచే మాట తగ్గిందని కొందరంటారు. ముందు నుంచీ అంతేనని కొందరంటారు.

ఆ సాయంత్రం నాగూరు కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంటే, సైదమ్మ కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. "పదకొండో రోజు" అంది. "తెలుసమ్మా" అన్నాడు వాడు. "వద్దు" అంది. "ఎందుకొద్దు? తెల్లగా అయిపోయింది, గోరు పెట్టి గీకినా దిగట్లా" అన్నాడు. "ఎండింది. గట్టిపడలా." "ఆ రెంటికీ తేడా ఏందమ్మా?" అని కసిరాడంట. "ఇంకా తాగతానే ఉంది" అంది సైదమ్మ. అంటే, పోసిన నీళ్లు లోపలికి లాక్కుంటానే ఉంది, ఇంకా దానికి దాహం తీరలేదని ఆవిడ చెప్పటం. వాడికి అర్థం కాక కాదు. ముద్ద కంచంలోనే పెట్టి, "పట్నంలో వారానికే పీకేస్తన్నారు. నలుగుర్లో మాటిచ్చా. ఇప్పుడు కాదంటే నాగూరుకి చేతగాదంటారు, మళ్లా పనిస్తారా? అయినా నిలబడేది నేనే గదా, ఇంకొకర్ని నిలబెడుతున్నానా?" అన్నాడు. చూడండి, తల్లి కాడ ఎట్టాంటి మాటన్నాడో! అప్పుడు మంచం మీంచి దస్తగిరి అన్నాడంట, "నిలబడటం తప్పు కాదురా. నేనూ నిలబడ్డా. ముందుగా నిలబడటమే తప్పు" అని. "నీకయిందని నాకూ అయిద్దా నాయనా" అని నాగూరు లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో అన్నం అట్టానే ఉంది. సైదమ్మ దాని మీద మూత పెట్టింది.

పదో రోజు మామూలుగానే పోయి నీళ్లు కొట్టింది. పదకొండో రోజు తెల్లారుతూనే పలుగులు, సుత్తులు పట్టుకుని సెంట్రింగోళ్లు వచ్చారు. నాగూరు వచ్చాడు, కొత్త చొక్కా ఏసుకుని. కిందికి పోయి నిలబడే రోజు గదా, కొత్త చొక్కా ఏసుకోవటం కూడా వాళ్ల రివాజే. సాంబయ్య వచ్చాడు, డెకరేషనోళ్లని వెంటేసుకుని. ప్రెసిడెంటు, ఆయన పెళ్లాం సుశీలమ్మ, కూతురు లహరి, ఎక్కడ పీట వేయాలో చూసుకుందామని వాళ్లూ వచ్చారు. పీకబోయే ముందు పైన నీళ్లు తీసెయ్యాల. తీద్దామని చూస్తే నిచ్చెన లేదు. యాడికి పోయింది? ఇటు చూస్తే లేదు, అటు చూస్తే లేదు. తల పైకెత్తితే, సైదమ్మ కప్పు అంచున కూర్చుని ఉంది, నిచ్చెన పైకి లాగేసుకుని, పక్కనే పడుకోబెట్టుకుని!

"అమ్మా, నిచ్చెన దించు" అన్నాడు నాగూరు. ఉలకదు. "పిన్నీ, అవతల టైం అయిపోతంది, నా ప్రోగ్రాం మొత్తం సెట్టయి ఉంది, నువ్వు ఒక్కదానివే చెడగొడతన్నావు" అన్నాడు సాంబయ్య. పలకదు. "సైదమ్మా, ఏందమ్మా ఇది, మర్యాదగా ఉందా?" అన్నాడు ప్రెసిడెంటు. కొంగు సర్దుకుంది, అంతే. "పైన మనిషుండగా బాదులు పీకం" అని సెంట్రింగోళ్లు పలుగులు కింద పెట్టి బీడీలు ముట్టించారు. జనం పోగయ్యారు. "మంచి పని చేశావు సైదమ్మొదినా, ఇంత ఎత్తులో గాలి బాగా వస్తదా" అని ఒకడు. "మజ్జిగ పంపమంటావా" అని ఇంకొకతి. నవ్వులు. నాగూరు తల దించుకున్నాడు, కొత్త చొక్కా చెమటకి తడిసిపోయింది. కొడుకుని అట్టా చూస్తే ఏ తల్లికి బాగుంటది? దిగిపోదామని కాలు కదిల్చిందంట ఒకసారి. మళ్లా ఆ కాలుని మడిచి కింద పెట్టుకుంది. "పెసిడెంటు గారూ, మీరు రండి పైకి" అంది. "మీరొక్కరే" అంది. అని నిచ్చెన దించింది.

ప్రెసిడెంటు తెల్లపంచ ఎగ్గట్టి ఎక్కాడు. కోపంతో ఎక్కాడు. ఎక్కి చూస్తే మడులన్నీ నీళ్లతో తళతళ లాడతన్నయ్యి, బాగానే ఉంది, ఆ మూల మడి మాత్రం పచ్చగా ఉంది! ఏందని దగ్గరికి పోయాడు. నారు! వరినారు. బెత్తెడు ఎత్తు లేచి, గాలికి తలలూపుతా ఉంది. గెంతటానికి ఎక్కిన సాంబయ్య దాన్ని గడ్డి అనుకున్నాడంట. ఈ సంగతి నాకు ముందే తెలుసు, ముందే చెప్తే మీరు ఇంతసేపు కూర్చోరని దాచిపెట్టా. సైదమ్మకి క్యాలెండరు చూడటం రాదు. పుట్టింటోళ్లు నాట్ల కూలోళ్లు. అందుకని ఆవిడ ఏం చేసేదంటే, ప్రతి శ్లాబుకీ మడులు కట్టిన రోజునే, ఒక మూల మడిలో తట్టెడు చెరువు మట్టి పోసి, మొలకొచ్చిన వడ్లు చల్లేది. నారు నాటుకి వచ్చినప్పుడు కప్పు కూడా వచ్చినట్టే. ఒక్క పూట కూడా తేడా రాలేదంట ఎప్పుడూ. ఆ వరండా కప్పుకి మాత్రం నారు వేలెడు ఉండగానే పీకారు. ఆవిడ వద్దంది. కూలీ మనిషి, నారు చూపించి వద్దంటే ఎవరు వింటారు?

ప్రెసిడెంటు మాత్రం ఏమైతేనేం రైతు. తిడదామని ఎక్కినోడు, ఆ పచ్చదనం చూసేసరికి చెయ్యి దానంతటదే వంగింది. అరచేత్తో నారు తల నిమిరాడు. "ఏం వడ్లివి?" అన్నాడు. "మీ కళ్లంలోయే" అంది. "బాగా లేచింది" అన్నాడు. అని, గుర్తొచ్చి, "శ్లాబు మీద నారేందమ్మా, మతి గానీ పోయిందా నీకు" అన్నాడు. "పీకండయ్యా" అంది సైదమ్మ. "ఏందీ?" "పీకండి. రేపు మీ పొలంలో నాటతా. నేనే నాటతా." ప్రెసిడెంటుకి నవ్వొచ్చింది. కింద ఊరంతా వింటంది గదా, గొంతు పెంచి, "పిచ్చిదానా, పదిరోజుల నారు ఎవడన్నా పీకుతాడా? పట్టి లాగితే తల చేతికొస్తది, వేరు మట్టిలోనే ఉంటది. పైకి పచ్చగా లేచినంత మాత్రాన లోపల బలం వస్తదా? ఇంకో రెండు వారాలన్నా నీళ్లలో ఉండాల. మా నాయన కాలం నుంచీ వ్యవసాయం చేస్తన్నా, నాకు చెప్తన్నావా?" అన్నాడు. అన్నాడా. అన్నాక తన మాట తన చెవిలోనే పడింది. సైదమ్మ మెల్లిగా అంది, "ఇదీ అదీ ఒకేసారి పడ్డయ్యి అయ్యా. ఒక్కరోజు తేడా" అని, వేలుతో కాళ్ల కింద కప్పుని చూపించింది.

అయినా మనిషికి రోషం ఊరికే పోతదా? "నారు వేరు, సిమెంటు వేరు" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. కింద నుంచి ఒక ముసలి రైతు అరిచాడంట, "వేరేముంది వీరాంజనేయులూ, రెండూ నీళ్లు తాగే గదా గట్టిపడేది" అని. "నువ్వూరుకో తాతా" అని పైనుంచి కసిరాడు. కార్డులు పంచేశానన్నాడు. బావమరిది వస్తాడన్నాడు. సైదమ్మ అన్నీ వింది. విని, "రేపు నా బిడ్డ కింద నిలబడతాడు" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎల్లుండి మీ బిడ్డ కింద కూర్చుంటది" అంది. రోజులు తప్పు చెప్పింది, కంగారులో. పీకేది ఆ రోజే, ఫంక్షను మర్నాడే. ఎవరూ దిద్దలేదు. కింద లహరి, గాజులేసుకున్న చేత్తో ఒక బాదు పట్టుకుని, పైకి చూస్తా నిలబడి ఉంది. సుశీలమ్మ ఆ పిల్లని జబ్బ పట్టుకుని బయటికి, ఎండలోకి లాగేసింది. ఒక్క లాగుడు. మొగుడు పైనుంచి అది చూశాడు.

ప్రెసిడెంటు నిచ్చెన దిగాడు. ఒకటొకటే మెట్టు, చూసుకుంటా దిగాడు. నేల మీద కాలు పెట్టాక పంచ దులుపుకుని, చుట్టూ చూసి, ఏమన్నాడో తెలుసా? తప్పయిందని అంటాడనుకున్నారా, అనడు. ప్రెసిడెంటు గదా! "ఏరా సాంబయ్యా, షామియానా సెట్టు ఒకటి ఉండాల గదా నీ కాడ? లోపలయితే ఉక్కగా ఉంటదిరా, ఈ హాలు ముందే వేసెయ్, గాలాడుతది" అన్నాడు. సాంబయ్య క్షణం ఆగలా, "అదే నేనూ అనుకుంటున్నా బావా, ఎప్పుడో సెట్ చేసి పెట్టా" అన్నాడు. ప్రెసిడెంటు నాగూరు వైపు తిరిగి, "ఎప్పుడు పీకాలో మీ అమ్మని అడుగు" అన్నాడు. ఆ ఒక్క ముక్కా కాస్త కటువుగా అన్నాడు. అంతే చాలు.

మర్నాడు ఫంక్షను బ్రహ్మాండంగా జరిగింది. హాలు ముందు షామియానా, వెనక హాల్లో బాదుల అడివి. బావమరిది కారు దిగుతూనే లోపలికి తొంగి చూసి, "ఏంది బావా, హాల్లో సరుగుడు తోట వేశావా" అన్నాడంట. అందరూ నవ్వారు. ప్రెసిడెంటు కూడా నవ్వాడు, నవ్వి, "పైన వరి కూడా వేశా, చూస్తావా" అన్నాడు. అని బావమరిదిని పైకి తీసుకుపోయి మరీ చూపించాడు, తనే పోసినట్టు! ఆ రోజు బువ్వ తిన్నోళ్లంతా వరసగా నిచ్చెనెక్కి నారు చూసి దిగారు. సైదమ్మ మటుకు బిందె పట్టుకుని పక్కకి జరిగేది, వాళ్లు పోయాక మళ్లా నీళ్లు పోసుకునేది. నాగూరు రెండు రోజులు తల్లితో మాట్లాడలా. మూడో రోజు తనే బావి కాడి నుంచి బిందె మోసుకొచ్చి పైన పెట్టాడు. "యాడ పొయ్యమంటావు" అని అడిగాడంట. "ఆ మడిలో" అంది. అంతే, మాటలు కలిసినయ్యి.

ఇరవై అయిదో రోజున సైదమ్మ మూల మడి కాడ కూర్చుని, ఒక మొక్కని మొదట్లో పట్టి లాగింది. తెల్లటి వేరు, తెగకుండా, మట్టితో సహా వచ్చింది. కొడుక్కి చూపించింది. వాడు తలూపాడు. ఆ పూటే సెంట్రింగోళ్లు వచ్చారు. ఒకటొకటే బాదు తీసుకుంటా పోయారు, అంచుల నుంచి మధ్యకి. జనం బయట నిలబడ్డారు. ఈసారి ఎవరూ పరాచికాలాడలా. సుత్తి దెబ్బ, బాదు పడ్డ చప్పుడు, మళ్లా సుత్తి దెబ్బ. ఒక్క బాదు మిగిలింది. నాగూరు పోయి నడిమధ్యన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి తలెత్తి కప్పు వంక చూశాడంట. అప్పుడు సైదమ్మ కొంగు నడుముకి దోపి, లోపలికి నడిచి, వాడి పక్కన నిలబడింది. ఆడోళ్లు నిలబడే రివాజు లేదు. "నువ్వెందుకమ్మా, పో బయటికి" అన్నాడు నాగూరు. "నీళ్లు పోసింది నేను" అంది. సెంట్రింగోడు సుత్తి ఎత్తి, కొట్టాలా వద్దా అని ఇద్దరి మొహాలూ చూశాడు. "కొట్టు" అంది. ఇంట్లో మంచం మీద దస్తగిరి ఆ దెబ్బ కోసం చెవులప్పగించి కూర్చున్నాడంట, తాడు పేనటం ఆపి.

కొట్టాడు. బాదు జారి పడింది. పై నుంచి ఇంత సిమెంటు పొడి రాలి వాడి జుట్టు మీద పడింది. ఇంకేమీ పడలా. కప్పు ఉన్న చోటనే ఉంది. సైదమ్మ చెయ్యెత్తి కొడుకు తల మీద ఆ పొడి దులిపింది. దులుపుతానే ఉంది, దులుపుతానే ఉంది, పొడి పోయినా కూడా. వాడు "చాల్లే అమ్మా, అందరూ చూస్తన్నారు" అన్నాడు. అయినా తల వంచుకునే నిలబడ్డాడు.

అదీ సైదమ్మ కథ. మా ఊళ్లో సెట్టనే మాట పోయిందా అంటే పోలా, దానికి ఇంకో నాలుగు పనులు ఎక్కువైనయ్యి గానీ. సాంబయ్య ఇప్పటికీ నారు సంగతి తనే సెట్ చేశానని చెప్తాడు, మీరు నమ్మితే నమ్మండి. ఇంక పడుకోండి, పొద్దున్నే కోతకి పోవాల గదా. ఏందమ్మా, ఆ మూల పిల్లని పడుకోబెట్టుకున్నావు, పైకి చూస్తన్నావు? భయమొద్దు తల్లీ, హాయిగా నిద్రపో. ఇదే ఆ హాలు.